అక్షరమునకు ముందు పలుకు

భద్రాచలమునకు వచ్చు యాత్రికుడు గోదావరిలో స్నానమాడి, రామదర్శనము గావించుకొని, బస్సెక్కి మరలిపోవును. అతని చెవిని బడునదంతయు తెలుగే. కాని పట్టణము దాటి దుమ్ముగూడెము వైపునకో, చర్ల వైపునకో సాగినచో అనేక గ్రామములలో ఇంటిభాష మారిపోవును. అచ్చట తల్లి బిడ్డను లాలించునది కోయభాషలో. ఆ బిడ్డ అయిదారేండ్ల ప్రాయమున బడికి వచ్చి, ఇంట నెన్నడును వినని మాటలతో నిండిన వాచకమును చేతబట్టును. అతడు చదువలేకపోయినచో తప్పు బిడ్డదా, బడిదా అని మేము పాఠకులను ప్రశ్నించుచున్నాము.

ఒక చిన్న ఉదాహరణము చాలును. మన వాచకములలో 'ఏరు' అను మాట కలదు. మనకది ప్రవహించు వాగు. కోయభాషలో 'ఏర్' అనగా నీరు. కడవలోని నీటిని చూపి ఏరని పలికిన బిడ్డను ఉపాధ్యాయుడు తప్పు పట్టును. బిడ్డ తప్పు చెప్పలేదు. రెండు భాషలును ఒక్క ద్రావిడ కుటుంబములోనివగుటచే ఒక్క మాట రెండిండ్లలో రెండర్థములతో పెరిగినది. ఈ సంగతి నెరిగిన ఉపాధ్యాయునకది చక్కని పాఠము. ఎరుగని వానికది పిల్లవాని మందబుద్ధికి నిదర్శనము.

జనాభా లెక్కలలో అక్షరాస్యుడనగా ఏడేండ్లు నిండి, ఏదేని యొక భాషలో అర్థము తెలిసి చదువను వ్రాయను నేర్చినవాడు. 'ఏదేని యొక భాష' యనియు, 'అర్థము తెలిసి' యనియు ప్రభుత్వమే చెప్పుచున్నది. 1956లో రాజ్యాంగమునకు చేర్చబడిన 350-ఏ అధికరణము భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పుటకు సౌకర్యములు కల్పింపుమని రాష్ట్రములకు చెప్పినది. అయినను 2011 లెక్కలలో దేశమున అక్షరాస్యులు నూటికి 73 మంది కాగా, షెడ్యూల్డు తెగలలో 59 మంది మాత్రమే. ఈ వెలితికి పేదరికమును, దూరమును కారణములని అందరును చెప్పుదురు. భాషను గూర్చి చెప్పువారు తక్కువ.

ఇప్పుడు తరగతి గదికి యంత్రములు వచ్చుచున్నవి. ఇది క్రొత్త వింత కాదు. పలకయు నల్లబల్లయు వాటి కాలమున యంత్రములే. మన గ్రంథాలయోద్యమము వారు 1935లో కొల్లూరు కాలువపై పడవలో పుస్తకములను ఊరూరికి నడిపించిరి. 1975-76లో ఉపగ్రహము ద్వారా దూరదర్శన పాఠములు ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు చేరెను. అందు మన తెలుగు పల్లెలును గలవు. 2020లో కరోనా వలన బడులు మూతబడినప్పుడు తెలంగాణ ప్రభుత్వము సెప్టెంబరు 1 నుండి యాదగిరి దూరదర్శనము ద్వారాను, టీ-శాట్ ద్వారాను పాఠములు ప్రసారము చేసెను. ఇవన్నియు మెచ్చదగిన ప్రయత్నములే. కాని వీటన్నిటికిని ఒక్క లోపము కలదు: యంత్రము మాటలాడును, వినదు. పట్టణము చెప్పినది అడవి వినవలసినదే గాని అడవి చెప్పినది వినుటకు దానికి చెవి లేదు.

నేటి యంత్రమునకు చెవి వచ్చినది. మేము ముఖ్యముగా చెప్పదలచినది దీనిని గూర్చియే. ఒక ఉపాధ్యాయుడు తన సెల్‌ఫోనులో ఊరి ముదుసలి కోయలో చెప్పిన కథను పట్టి, మరునాడు తరగతిలో వినిపించినాడనుకొందము. పిల్లలు ఆ గొంతును గుర్తింతురు. కథలోని మాట నొకదానిని అతడు తెలుగు లిపిలో నల్లబల్లపై వ్రాయును. తన ఇంటి మాట బల్లపై నిలిచియుండుట ఆ బిడ్డ మొదటిసారి చూచును. అక్షరమనగా పరాయివారి గుర్తు కాదనియు, తన నోటి పలుకునకు రూపమనియు నాడతనికి తెలియును. ఉపాధ్యాయునకును ఒక సంగతి తెలియును. వినుట, చెప్పుట, కథను వరుసగా కూర్చుట, విన్నదానిని ప్రశ్నించుట యను శక్తులు ఆ బిడ్డయందు బడికి రాకముందే యున్నవి. అక్షరాస్యత యను భవనమునకు పునాది యవియే. గుణింతముతో ఆరంభమగుననుకొన్న చదువు అంతకు చాల ముందే ఆరంభమైనదని అతడు గ్రహించును.

ఈ ప్రాంతమున గొంతుకు మరియొక విలువ కలదు. 2014లో రాష్ట్రము విడిపోయినప్పుడు భద్రాచలము పట్టణము తెలంగాణములో నిలువగా, చింతూరు, కూనవరము మున్నగు మండలములు ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. ఆవల కుంట ఛత్తీస్‌గఢ్‌లోను, మల్కన్‌గిరి ఒడిశాలోను గలవు. ఈ నాలుగు రాష్ట్రముల సరిహద్దులందును కోయలున్నారు. వారి భాషకు బహుళవాడుకలో సొంత లిపి లేదు. ఒకచోట తెలుగు లిపిలో, ఒకచోట నాగరిలో, ఒకచోట ఒడియాలో వ్రాయవలసి వచ్చుచున్నది. చింతూరు బిడ్డ మల్కన్‌గిరి పుస్తకమును చదువజాలడు. కాని అచ్చటి అవ్వ చెప్పిన కథను వినగలడు. లిపులు విడదీసినవారిని గొంతు కలుపగలదు.

పలుకు చాలును, అక్షరము వలదని మేమనుట లేదు. అది అడవిబిడ్డలకు గొప్ప ద్రోహమగును. ఏజెన్సీ భూములను కాపాడుటకు 1959లో భూమి బదలాయింపు నిబంధనలు వచ్చినవి; 1970లో అవి మరింత గట్టిపడినవి. 2006లో అటవీహక్కుల చట్టము వచ్చినది. ఇవన్నియు కాగితముమీది హక్కులు. తన పట్టాను తానే చదువలేనివానికి చట్టము అండ సగమే. నేడు బ్యాంకు సందేశములును, మోసగాండ్ర సందేశములును ఒక్క ఫోనులోనే వచ్చుచున్నవి. ఏది నిజమో, ఏది వలయో తెలిసికొనుటయు నేటి అక్షరాస్యతలో భాగమే. కావున పలుకు వంతెన. చేరవలసిన గట్టు అక్షరమే.

ఈ వంతెన నడిపించువాడు ఉపాధ్యాయుడు. 1943లో నిజాము రాజ్యమున, ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణశాల నెలకొల్పి, గోండీలోనే వాచకములు సిద్ధపరచిరి. 2004 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కోయతో సహా ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన కారంభము చేసెను. దారి లేదనుటకు వీలులేదు. షెడ్యూల్డు ప్రాంతములలో ఉపాధ్యాయ పదవులు నూటికి నూరును గిరిజనులకే యని 2000 జనవరిలో వెలువడిన 3వ నంబరు ఉత్తరువును 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టివేసినది. తీర్పును మేము శిరసావహింతుము. కాని కోయ గ్రామమునకు వచ్చు ఉపాధ్యాయుడు ఏ కులమువాడైనను కోయభాష నేర్చి తీరవలెనని విధించుటకు ఆ తీర్పు అడ్డు రాదని మా యభిప్రాయము. భాష నేర్వని ఉపాధ్యాయునకు ఎంత మంచి యంత్రమిచ్చినను, చెవిటివానికి శంఖమిచ్చినట్లే.

కేంద్ర గిరిజన వ్యవహారముల శాఖ 2025లో 'ఆదివాణి' యను అనువాద యంత్రమును వెలువరించినది. అది సంతాలీ, భీలీ, ముండారీ, గోండీ భాషలతో ప్రారంభమైనది. కోయకు దగ్గరి చుట్టమైన గోండీకి చోటు దొరకుట సంతోషకరము. ఆ మొదటి పంక్తిలో కోయకు చోటు దొరకలేదు. ఇట్టి యంత్రము తాను విన్న మాటలనే నేర్చును. ఎవరును పట్టి దాచని భాష దానికి లేని భాషయే. నేటి ముదుసలి గొంతు పట్టకపోయినచో రేపు ఎంత ధనము పోసినను ఆ గొంతు తిరిగి రాదు.

కావున మేము కోరునవి మూడు. ఏజెన్సీ ఉపాధ్యాయులకు కోయభాషలో శిక్షణయు పరీక్షయు నుండవలెను. ప్రతి బడియు తన గ్రామపు కథలను పాటలను, గ్రామస్థుల సమ్మతితో, వారి సొత్తుగానే భద్రపరచి తరగతిలో వాడవలెను. నాలుగు ప్రభుత్వములును ఆ సంపదను సరిహద్దులు దాటి పంచుకొనవలెను. ఇందు పెద్ద ఖర్చు లేదు. వినవలెనను బుద్ధి కావలెను.

మనము తెలుగువారము మాతృభాషలో చదువు కావలెనని దీర్ఘకాలము పోరాడినవారము. మనము కోరిన హక్కునే మన పొరుగింటి బిడ్డ కోరుచున్నాడు. అతనికి కాదనుటకు మనకు నోరెట్లు వచ్చును?