పంచిన లెక్క, తిన్న లెక్క

అంగన్‌వాడీ బాగా నడుస్తోందా అని తేల్చాలంటే మనవాళ్ళు ముందు రిజిస్టరు తిరగేస్తారు. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైన పథకమండీ ఇది! 2021లో పోషణ్ ట్రాకర్ వచ్చాక ఫోన్లోనూ లెక్కలే. ఎన్ని గుడ్లిచ్చారు, ఎన్ని బాలామృతం పాకెట్లు పంచారు?

సరే, పంచిన లెక్క తిన్న లెక్క అవుతుందా? ఇంటికెళ్ళిన పాకెట్టు పసివాడికే దక్కిందా, నలుగురూ పంచుకున్నారా? బరువు తగ్గిన బిడ్డ తల్లితో ఎవరైనా కూర్చుని మాట్లాడారా? పిల్లలు ఆడుతున్నారా, పాడుతున్నారా?

టీచరమ్మకిచ్చేది జీతం కాదట, గౌరవ వేతనం! గౌరవమంతా ఆ మాటలోనే ఉంది. ఆవిడ రాతకోతల్లో మునిగితే పిల్లల్ని ఆడించేదెవరు?

తనిఖీకొచ్చే అయ్యల్లారా, ఆ రిజిస్టరు కాస్త మూసి గుమ్మంలో నిలబడ్డ తల్లినడగండి. మార్కులు వేయాల్సింది ఆవిడే.