ధరకు పరుగు.. నాణ్యతకు బ్రేకు!
ద్విచక్ర వాహనదారుల్లో పెరుగుతున్న అసంతృప్తి

నరసరావుపేట: తెల్లవారకముందే పాల క్యానులు, పొద్దెక్కాక పురుగుమందు స్ప్రేయరు, సాయంత్రం బడి పిల్లలు. పల్నాడు పల్లెల్లో ఒకే బండి ఇన్ని బరువులు మోస్తోంది. అక్కడ మోటారు సైకిలు విలాస వస్తువు కాదు, బతుకుదెరువు. అందుకే ధర చెల్లించడానికి వెనుకాడని రైతు సైతం, కొన్న ఏడాదికే షెడ్డు ముందు నిలబడాల్సి వచ్చినప్పుడు ఆగ్రహిస్తున్నాడు.

ధరలు ఊరికే పెరగలేదు. 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్, అంతకు లోబడిన వాటికి రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరయ్యాయి. ఏడాది తిరిగేసరికి, 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చిపడ్డాయి. చాలా బండ్లలో కార్బొరేటర్ పోయి ఇంధన ఇంజెక్షన్ వచ్చింది. కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాలన్న నిబంధన 2018 సెప్టెంబరు నుంచే ఉంది. వీటికితోడు ముడిసరకుల ధరలు. 2020 ఆరంభంలో షోరూంలో 60 వేల రూపాయలకు అటూఇటూగా దొరికిన వంద సీసీ బండి 2025 నాటికి 80 వేలకు చేరువైంది. ఆ ఏడాది సెప్టెంబరు 22న 350 సీసీ వరకు జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి తగ్గించడంతో కొంత ఊరట లభించింది. అయితే ధర 50 వేలు దాటిన బండికి 12 శాతం జీవితకాల పన్ను విధిస్తూ 2021లో రాష్ట్రంలో చట్టాన్ని సవరించారు. 75 వేల బండికి ఆ ఒక్క పద్దే 9 వేలు.

అసలు చిక్కు రిపేరులో

పాత బండి గట్టిదన్న మాటలో కొంత జ్ఞాపకాల తీపి లేకపోలేదు. పొగ, చలికాలం చోక్, అరకొర బ్రేకులు అప్పటివే. నేటి ఇంజిను శుభ్రమైనది, బ్రేకు నమ్మదగినది. రేకు మడ్‌గార్డు పోయి ప్లాస్టిక్ రావడం, కొన్ని మోడళ్లలో కిక్ రాడ్ మాయం కావడం వంటివి మాత్రం కొనుగోలుదారుడి కంటికి నాసిరకంగానే కనిపిస్తున్నాయి.

అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. కార్బొరేటర్ మొరాయిస్తే ఊరి మెకానిక్ విప్పి, కాస్త పెట్రోలుతో కడిగి, స్క్రూ తిప్పి పంపేవాడు. ఇంజెక్షన్ బండిలో సెన్సరు పోతే బాగుచేయడం ఉండదు, మార్చడమే. ఏ సెన్సరు పోయిందో చెప్పడానికి స్కానర్ కావాలి. అది ఊరి షెడ్డులో అరుదు. మాచర్ల దాటిన పల్లెలో మీటరుపై హెచ్చరిక దీపం వెలిగితే సర్వీసు సెంటరు ఉన్న పట్టణం దాకా వెళ్లాల్సిందే. ఆ రోజు కూలి గానీ, పాల లెక్క గానీ పోయినట్టే. విడిభాగాలు, రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకు అందకుండా చేశారంటూ కాంపిటీషన్ కమిషన్ 2014లో 14 కార్ల కంపెనీలకు జరిమానా విధించింది. ద్విచక్ర వాహనాలు ఆ కేసులో లేవు.

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం మరో వివాదం. అందుకు అనువుగా తయారు కాని పాత ద్విచక్ర వాహనాల్లో మైలేజీ 3, 4 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే అంచనా వేసింది. పాత వాహనాల్లో కొన్ని రబ్బరు భాగాలు మార్చాల్సి రావచ్చని, ఆ ఖర్చు స్వల్పమేనని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ వివరణ ఇచ్చింది. స్వల్పమైనా అది పడేది యజమాని జేబు మీదే.

రసీదే ఆయుధం

వారంటీలోనే బండి పదేపదే మొరాయిస్తే వినియోగదారుల రక్షణ చట్టం-2019 అండగా ఉంది. షోరూం ఎక్కడున్నా, కొనుగోలుదారుడు తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు. అంతకుముందు 1915 నంబరుకు ఫోన్ చేసి చూడవచ్చు. అయితే బండి వదిలిన ప్రతిసారీ జాబ్ కార్డు నకలు తీసుకుని భద్రపరచాలి. 'చిన్న పనే, కాగితం ఎందుకు' అని సర్వీసు సెంటరులో చెప్పే మాటకు తలూపి వచ్చేవారే ఎక్కువ. మూడోసారి అదే లోపం తలెత్తినప్పుడు తొలి రెండుసార్లకు వారి చేతిలో రుజువే ఉండదు.