పొమ్మనుటలోని న్యాయము

పొమ్మనలేక పొగపెట్టుట యని మన నానుడి. అందు కొంత మొగమాటమైనను కలదు. పునర్వ్యవస్థీకరణమను పెద్దమాట చాటున నేటి సంస్థలు కొన్ని ఆ మొగమాటమును సైతము విడిచినవి.

2022 మార్చి 17వ తేదీన బ్రిటనులో పీ అండ్ ఓ ఫెర్రీస్ అను నౌకాసంస్థ సుమారు 800 మంది నావికులను ఒక్కనాడే తొలగించెను. ముందుగా సిద్ధపరచిన వీడియో సందేశము నొకదానిని కొలది నిమిషములు వినిపించిరి. ఆ దినముతోనే కొలువు ముగిసినదని దాని సారాంశము. వారి స్థానమున పనిచేయుటకు ఏజెన్సీ మనుష్యులు అప్పటికే సిద్ధముగా నుండిరి. కోవిడ్ వలన సంస్థ నష్టపడినమాట నిజమే. అయితే నష్టపడుట వేరు, ఆ నష్టమును ఎవరి నెత్తిన వేయవలెనో నిర్ణయించుట వేరు.

ఇందరిని తొలగించునపుడు కార్మిక సంఘములతో ముందుగా సంప్రదింపవలెనని బ్రిటిషు శాసనము. వారము దినములకే పార్లమెంటు సభ్యుల యెదుట ముఖ్యాధికారి పీటర్ హెబెల్‌త్వెయిట్ ఆ శాసనమును తెలిసియే మీరితిమని ఒప్పుకొనెను. ఏ సంఘమును తమ ప్రతిపాదనమునకు సమ్మతింపదు గనుక అడుగలేదట! ఒప్పుకొననివానిని అడుగనక్కరలేదను ఈ సూత్రమును మన విద్యార్థులు ఏ తర్కగ్రంథమునందును చదివియుండరు. క్రొత్తవారికి సగటున గంటకు అయిదున్నర పౌండ్లని కూడ ఆయనయే చెప్పెను. నాటి బ్రిటిషు కనీసవేతనము 8 పౌండ్ల 91 పెన్నీలు. పరదేశపతాకములతో అంతర్జాతీయ మార్గములందు తిరుగు ఓడలకు అది వర్తింపలేదు. తొలగింపబడినవారికి పరిహారము ముట్టినది, నిజమే. కాని దానివలన శాసనభంగము వ్యయపట్టికలో ఒక పద్దుగా మారినది. ఆగస్టులో క్రిమినలు అభియోగము కూడ లేదని తేలినది.

మన దేశమున 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము నెల నోటీసును, పనిచేసిన ప్రతి యేటికి 15 దినముల వేతనమును విధించెను. నూరుగురు అంతకుమించిన పనివారు గల కర్మాగారములు ప్రభుత్వానుమతి పొందవలసియుండెడిది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన క్రొత్త స్మృతి ఆ సంఖ్యను 300 చేసెను. దీనిపై వాదములు చాలగా జరిగినవి. నాకు అంతకంటె ముఖ్యముగా తోచునది మరియొకటి. స్వచ్ఛందముగా వైదొలగినవాడు చట్టము దృష్టిలో తొలగింపబడినవాడు కాడు. కావుననే సాఫ్టువేరు కార్యాలయములలో తొలగింపు ఉత్తరువునకు మారుగా రాజీనామా అడుగుట వాడుకయైనది. పొగ మరల వచ్చినదన్నమాట. సంతకము పెట్టిన యువకుని విషయమున ఆ 15 దినముల లెక్క మొదలే కాదు.