తెర చూపాల్సింది తెర, కన్ను చూడాల్సింది కన్ను

2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగింది. ఇస్రో యూట్యూబ్ ప్రసారాన్ని ఒకే సమయంలో 80 లక్షల మందికి పైగా చూశారు. ఎన్నో బడుల్లో పిల్లల్ని కూర్చోబెట్టి చూపించారు. ఆ రోజు నిజ శ్రావణ శుద్ధ సప్తమి. సరిగ్గా అదే వేళకు మన ఆకాశంలో దక్షిణాన ఇంచుమించు సగం చంద్రుడు ఉన్నాడు. మబ్బు లేనిచోట పిల్లల్ని ఆవరణలోకి తెస్తే చాలు, కనిపించేవాడు. విక్రమ్ దిగింది ఆ వెలుగు పడిన భాగంలోనే. అది ఎండతో పనిచేసే యంత్రం కాబట్టి అక్కడ తెల్లవారాకే దిగాలి. చంద్రుడి మీద ఒక పగలు మన లెక్కలో సుమారు 14 రోజులు. అందుకే సెప్టెంబరు మొదటి వారంలో, అక్కడ పొద్దుగూకే ముందు, దాన్ని నిద్రపుచ్చారు. ఇదంతా ప్రాథమిక పాఠశాల పిల్లలకు అర్థమయ్యే సంగతే. కావలసిందల్లా తెర ముందు నుంచి ఒక్కసారి లేచి బయటికి రావడం.

ఆన్‌లైన్‌లో ఇవాళ సైన్సు నేర్పే సామగ్రికి కొరత లేదు. 2017లో మొదలైన ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్షలో పాఠాలున్నాయి, పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో అవి తెరుచుకుంటాయి. పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేయడం అరవింద్ గుప్తా వెబ్‌సైటులో ఉచితంగా నేర్చుకోవచ్చు. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ఫెట్ అనే కంప్యూటర్ తెర మీది ప్రయోగాలు కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ఏది ఎప్పుడు తెరవాలన్నదే అసలు ప్రశ్న.

నాలుగో తరగతి పిల్లకు ఒక బ్యాటరీ, టార్చి బల్బు, వైరు ముక్క ఇచ్చి వెలిగించమనండి. మొదట వైరు ఒక కొసను బ్యాటరీకి, రెండో కొసను బల్బు అడుక్కి తగిలిస్తుంది. వెలగదు. తిప్పి చూస్తుంది, పక్కవాణ్ణి అడుగుతుంది. బల్బు అడుగున ఉన్న బొడిపెను బ్యాటరీ ఒక కొసకు ఆనించి, బల్బు పక్కనున్న లోహపు మరను వైరుతో రెండో కొసకు కలిపినప్పుడు వెలుగుతుంది. ఆ తర్వాత ఫెట్ తెరిచి వైరులో ఎలక్ట్రాన్లు కదలడం చూపిస్తే, తన చేతిలో జరిగిందేమిటో ఆ పిల్లకు తెలుస్తుంది. ముందే చూపిస్తే అది ఇంకో వీడియో, అంతే. కంటికి అందనిదాన్ని తెర చూపించాలి. అందేదాన్ని పిల్లలే చూడాలి, చేయాలి.

ఐదు తరగతులకూ ఒక్కరే ఉపాధ్యాయులున్న బడిలో వీడియో పెట్టి ఒక తరగతిని కూర్చోబెట్టడం తప్పనిసరి అవుతుంది. ఆ అవసరాన్ని మేం తప్పుపట్టం. కానీ పాఠాలు తయారుచేసే విద్యాశాఖల్ని ఒకటి కోరుతున్నాం. ప్రాథమిక తరగతుల ప్రతి సైన్సు వీడియో పిల్లలు ఏం జరుగుతుందో ఊహించాల్సిన ఒక ప్రశ్నతో మొదలై, ఊళ్లో దొరికే వస్తువులతో చేసే ఒక పనితో ముగియాలి. చుట్టుపక్కల బడులవాళ్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఆ పనుల్ని ఉపాధ్యాయులు ముందుగా తమ చేతులతో చేసి చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం కింద ప్రభుత్వ బడులకు స్మార్ట్ టీవీలు, ప్యానెళ్లు వచ్చాయి. వాటి పక్కనే బ్యాటరీలు, బల్బులు, భూతద్దాలు, అయస్కాంతాలు ఉన్న ఒక పెట్టె కూడా ప్రతి తరగతికీ చేరాలి. దానికయ్యే ఖర్చు స్వల్పం. అది లేకపోతే మాత్రం గోడ మీది తెర పిల్లల్ని ప్రేక్షకులుగానే మిగులుస్తుంది.