అటక మీది బిందె

సంపాదకులకు,

కుళాయిలు, గ్యాసు బండలు గల సూరతులో ఇంట నీరు, ఇంధనము నిలువచేయుట వృథాభయమని గత సంచికలో ఒక పాఠకులు వ్రాసినదానితో నేనేకీభవింపజాలను. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయమునుండి విడిచిన ప్రవాహము తపతి గట్లు దాటి, నగరములో అధికభాగమును దినములతరబడి ముంచినపుడు, వాకిట నడుములోతు నీరుండియు త్రాగుటకు గ్రుక్కెడు లేక, తెలంగాణమునుండి మగ్గముల పనికై వలసవచ్చిన మా కుటుంబము, మా అత్తగారు చింతపండుతో తోమి, నీరు నింపి, గుడ్డ వాసెన గట్టి అటకపై నుంచిన రెండిత్తడి బిందెలతోను, ఒక్క కిరసనాయిలు స్టవ్వుతోను మూడుదినములు గడిపినది. పెట్రోలు మాత్రము ఇంట నుంచరాదు. కిరసనాయిలైనను పొయ్యికి దూరముగా, పిల్లలకందనిచోట నుండవలెను. వానలు ముదురకమునుపే ప్రతి యింటను ఒక బిందెను అటకకెక్కింపుడని తోటి తెలుగువారికి నా మనవి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, సూరతు