పూడిక కూలి ఎవరిస్తారు?

చెరువు మీద నాచు దట్టంగా పట్టిందంటే పొలాల ఎరువు జారి వచ్చిందనో, ఊరి మురుగు కలిసిందనో లెక్క. పైరుకు బలమైన నత్రజని, భాస్వరమే నీళ్లలో నాచుకూ బలం. అది చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోయి చేపలు తేలతాయి. ఎరువు తగ్గించమని రైతుకు చెప్పడం తప్ప మన దగ్గర వేరే మందు లేదన్నట్టు మాట్లాడుతుంటాం. పొలాన్ని తవ్వే తీరులోనూ మందు ఉందని టిటికాకా ఒడ్డు రైతులు ఎప్పుడో చూపించారు.

పెరూ, బొలీవియాల మధ్య దాదాపు 3,800 మీటర్ల ఎత్తున ఉంది ఆ సరస్సు. వెయ్యేళ్లకు ముందే, తివనాకు నాగరికత రోజుల్లో, అక్కడి చిత్తడి మైదానాల్లో కాలువలు తవ్వి, ఆ మట్టినే పక్కన పోసి ఎత్తుమడులు కట్టారు. మడి మీద బంగాళాదుంప, కినోవా. పగటి ఎండకు వేడెక్కిన కాలువ నీరు రాత్రి మంచు దెబ్బ నుంచి పైరును కాస్తుంది. ఎత్తుమడుల గురించి రాసేవాళ్లంతా ఈ ముచ్చటే ముందు చెబుతారు.

నాకు అంతకంటే గొప్పగా తోచేది కాలువ అడుగున జరిగే పని. హీత్ కార్నీ, మైఖేల్ బిన్‌ఫర్డ్, అలన్ కొలాటా బృందం 1993లో ‘నేచర్’ పత్రికలో దాన్ని వివరించింది. మడుల మీంచి, ఎగువ నుంచి వచ్చే పోషకాలను, మట్టిని ఈ కాలువలు సరస్సు దాకా పోనివ్వకుండా పట్టేస్తున్నాయి. నీరు నెమ్మదించేసరికి ఒండ్రు అడుక్కి దిగుతుంది, దానికి అంటుకున్న భాస్వరమూ దిగుతుంది. గాలి ఆడని బురదలో సూక్ష్మజీవులు నైట్రేటును వాయువుగా మార్చేస్తాయి. మిగిలినదాన్ని నీటిమొక్కలు పీల్చుకుంటాయి. రైతు ఆ బురదనూ మొక్కలనూ తోడి మళ్లీ మడి మీద వేస్తాడు. అసలు కీలకం ఈ తోడడంలోనే ఉంది. తోడకపోతే కాలువ పూడుతుంది, మొక్కలు అక్కడే కుళ్లి, పట్టిన పోషకాలను తిరిగి నీటికే వదిలేస్తాయి.

1980లలో పరిశోధకులు, స్వచ్ఛంద సంస్థలు ఈ మడులను మళ్లీ కట్టించారు. ప్రాజెక్టుల డబ్బు ఆగాక చాలా మడులు బీడుపడ్డాయి. రైతులది బద్ధకమని నేననను. ఏటా బురద తోడే కూలి ఎవరిస్తారో ఎవరూ ఆలోచించలేదు.

వేసవిలో చెరువు పూడిక మట్టిని బండ్లతో చేలకు తోలుకునే అలవాటు మనకూ ఉంది. తెలంగాణ ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ దాన్నే పెద్ద ఎత్తున చేయించింది. కొల్లేటిలో మాత్రం తంతు తిరగబడింది. అక్కడా గట్లే కట్టారు. కానీ చేపల మేత, ఎరువు బయటి నుంచి తెచ్చి చెరువుల్లో పోసి, వాడిన నీటిని సరస్సులోకి వదిలారు. గట్టు ఉన్నంత మాత్రాన సరస్సు బాగుపడదు.

ఎత్తుమడులకూ ఓ హద్దుంది. పునో, ఎల్ ఆల్టో నగరాల మురుగు టిటికాకాలో కలుస్తోంది. దానికి శుద్ధికేంద్రాలే కట్టాలి, వేరే దారి లేదు. పొలాల ఎరువును ఆపే పని మాత్రం ఈ మడులు చేయగలవు. వాటికి నిధులిచ్చే ప్రభుత్వాలు తవ్వకంతో చేతులు దులుపుకోకుండా ఏటేటా పూడిక తీతకూ పద్దు రాయాలి.