పరిశోధనాఫలము పల్లెకు దక్కవలదా?

రెడ్డిగూడెమునకు చేరువనున్న ఎ.కొండూరు మండలమున, ముఖ్యముగా గిరిజన తండాలలో, మూత్రపిండముల వ్యాధి యెన్ని సంసారములను కూల్చినదో తిరువూరు ప్రాంతీయులకు మేము వేరుగ చెప్పనక్కరలేదు. పొరుగున రోగము ప్రబలినపుడు, మన బావినీరు మంచిదా కాదా యను శంక ప్రతి గృహస్థునకును కలుగును. ఈ శంకను తీర్చు సాధనములు ప్రజాధనముతో నడచు ఆరోగ్యసంస్థల చేతనే యున్నవి.

ఇది వట్టి యాశ గాదు. పూర్వము నెల్లూరు జిల్లాలో కీళ్లు బిగిసి, వెన్ను వంగి, పండ్లు గారపట్టి జనులు కృశించుచుండగా, షార్టు, పండిట్, రాఘవాచారి గార్లు త్రాగునీటిలోని ఫ్లోరైడే దానికి మూలమని 1937లో వెల్లడించిరి. పరప్రభుత్వపు దినములలోనే యింతటి పని జరిగినది. అయిన నేమి? ఆ సంగతి ఇంగ్లీషు వైద్యపత్రికలో అచ్చయ్యెను. దశాబ్దములు గడచినను ఒంగోలు, నల్లగొండ సీమలలో జనులు ఫ్లోరైడు నీటినే త్రాగిరి. కారణము తెలియుట వేరు. తెలిసినది పల్లెకు చేరుట వేరు.

నేడు సంస్థలకు కొదువ లేదు. 1911లో పుట్టి 1949లో నేటి పేరు దాల్చిన భారత వైద్య పరిశోధనా మండలి యున్నది. హైదరాబాదున జాతీయ పోషకాహార సంస్థ యున్నది. ఉద్దానపు రోగులకై పలాసలో 2023 డిసెంబరున మూత్రపిండ వ్యాధుల పరిశోధనాకేంద్రమును, ఆసుపత్రియు తెరువబడినవి. కొరవడినది ఫలితములను తెలుగున ప్రకటించు అలవాటు.

సగము తేలిన సంగతులు చెప్పిన ప్రజలు బెదరుదురని కొందరధికారులందురు. చెప్పకున్న బెదరు మానుదురా? వదంతి ఊరేగును, నాటుమందులవాడు లాభపడును. ఉద్దానమున వ్యాధికారణ మింకను నిశ్చయముగ తేలలేదు. తేలలేదని చెప్పుటయు ప్రజలకు మేలే.

2005 నాటి సమాచార హక్కు చట్టపు నాలుగవ సెక్షను, అడుగకముందే సమాచారమును, స్థానికభాషను గమనించి, వెల్లడింపుడని శాసించుచున్నది. కావున ప్రతి బావి, ప్రతి బోరు నీటి పరీక్షాఫలితమును, లీటరునకు ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటినదో లేదో, పంచాయతీ గోడపై తెలుగున వ్రాయవలెను. తన రక్తమును పరీక్షకిచ్చిన కూలివానికి దాని ఫలితము తెలుపుట దయ గాదు, ఋణము తీర్చుట.

భూస్వాములు, పట్టణవాసులు తమ యింటికి శుద్ధజలమును కొనుక్కొనగలరు. వారి చేలలో పాటుపడువారు బోరునీటినే త్రాగుదురు. రాబోవు గ్రామసభలో ఈ లెక్క నడుగుట చదువుకొన్నవారి విధి. అడిగిన కాగితము చేతికి వచ్చువరకు పట్టు విడువకుండుట అంతకంటె ముఖ్యము.